రేపటికి సాక్ష్యం

చెన్నూరు,
12 ఆగస్టు 2024, సోమవారం.

ప్రభువు కాపుదలలో ఉన్న నా మనవరాలు పద్మలతకు, నీ బాపమ్మ దీనమ్మ వందనాలు, దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. వానలకు నా కోడలికి, అదే మీ అవ్వకు, మోకాళ్ళ నొప్పి కొంచెం ఎక్కువైంది. మీ బాపు మస్కట్ నుంచి ఫోన్ చేసి, అక్కడ ఇనుప నిచ్చెన ముట్టుకుంటే చెయ్యి కాలుతోందని చెప్పిండు. గోదావరి నిండుగా పోతోంది. మన పక్క చేనులో పత్తి నీళ్ళలో నిలబడింది. క్షేమ సమాచారం ఇంతే.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చెబుతాను. నిన్న ఆరాధన అయ్యాక గంగుబాయి తన ఫోన్‌లో నీ వీడియో చూపించింది. సిరొంచ నుంచి కోడలిగా వచ్చి, ఇప్పటికీ సగం మరాఠీ కలిపి ప్రార్థన చేసే మన గంగుబాయే. అందులో నువ్వు కరీంనగర్‌లో ఏదో ఫంక్షన్ హాలు వేదిక మీద మైకు పట్టుకుని ఉన్నావు. చిన్నప్పటి నుంచి పీడించిన ఫిట్స్ నుంచి నాకు విడుదల కలిగింది, మాత్రలు మానేశాను, ఇక జన్మలో రావు అని సాక్ష్యం చెప్పావు. పక్కనున్న అయ్యగారు నీ మాత్రల అట్టను అందరికీ ఎత్తి చూపించి కింద పారేశారు. హాలంతా హల్లెలూయ అన్నది.

ఇక్కడా చప్పట్లు కొట్టారు. మీ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సంతోషంతో ఏడ్చింది. నేను కొట్టలేదు. గంగుబాయి ఊరుకుంటుందా? "గింతమంది చప్పట్లు కొడుతుంటే నువ్వొక్కదానివి గట్ల కూసున్నవేంది టీచరమ్మా, దేవునికి గూడ మార్కులు కోస్తవా?" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతులు మాత్రం ఒళ్ళోంచి తీయలేదు.

నాకు భయంగా ఉంది బిడ్డా. ఈ మాట నీకు ఇదివరకు ఎప్పుడూ రాయలేదు. పొద్దున నువ్వు స్కూటీ మీద పాఠాలు చెప్పడానికి పోతావు. మానేరు డ్యాం పక్క రోడ్డు, ఇసుక లారీలు, వాన జారుడు. ఒక్క క్షణం నీ చెయ్యి నీ మాట వినకపోతే చాలు. ఇక్కడ ఫోన్ మోగిందంటే, పేరు చూడడానికి కళ్ళజోడు వెతుక్కునే ఆ కాసేపట్లో నేను అనుకోకూడనివన్నీ అనుకుంటున్నాను.

నిన్న సాయంత్రం నీకు ఫోన్ చేస్తే, వందనాలు బాపమ్మా, ప్రభువు కృపలో బాగున్న, క్లాసుకు టైమైంది అని పెట్టేశావు. ఆదివారం సాయంత్రం ఏం క్లాసు? నేను లెక్కలు చెప్పి బతికినదాన్ని. ఉప్పు డబ్బా ఎప్పుడు తెరిచామో కూడా రాసిపెట్టుకుంటానని నువ్వే ఎగతాళి చేసేదానివి. బస్సు పార్సిల్‌లో పంపే మాత్రలు ఈసారి వద్దని, ఇక్కడే కొనుక్కుంటానని నువ్వన్నప్పుడు కూడా నాకు లెక్క కుదరలేదు. అడిగితే కోప్పడుతున్నానని అనుకుంటావని ఊరుకున్నాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా, అందుకే రాస్తున్నాను.

ఆ వేదిక నువ్వెందుకు ఎక్కావో ఆలోచించాను. నీకు గుర్తుండే ఉంటుంది. ఏడో తరగతిలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటుండగా మొదటిసారి పడిపోయావు. ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టారు. ఎవరో దయ్యమన్నారు. గంగుబాయి అందరినీ తోసి, నిన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన శాలువా మడిచి పెట్టి, "దయ్యం గాదు, మన్ను గాదు, జర పిల్లకు గాలి రానియ్యుండ్రి" అని అరిచింది. ఆ తర్వాత మన ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఆరాధనలో నీ పక్కన ఎప్పుడూ ఒకరు ఉండాలి. దానికి 'లత వంతు' అని పేరు కూడా పడింది. ఒకరంటే ఒకరికి పడని అత్తాకోడళ్ళు సైతం, ఈ వారం నీది కాదు నాది అని ఆ వంతు కోసం పోట్లాడుకున్నారు.

నువ్వు కాలేజీకి వచ్చాక, వంతు మనిషి వచ్చి కూర్చోగానే ముఖం తిప్పుకునేదానివి. మాకది ప్రేమ, నీకది కాపలా. కరీంనగర్‌లో నీ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ నీ చేతుల వైపు చూడరు. నువ్వు కోరుకున్న విడుదల జబ్బు నుంచే కాదు, మా చూపుల నుంచి కూడా అని ఇప్పుడు తోస్తోంది. అందులో నీ తప్పు లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. ఆ సాక్ష్యం చెప్పాక నువ్వు దానిలో చిక్కుకున్నావు. రేపు మళ్ళీ ఫిట్స్ వస్తే ఎవరికి చెబుతావు? మాత్ర వేసుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు అనుకుంటావు. వేసుకోకపోతే ప్రాణం మీదికి. వీడియో చూసి చప్పట్లు కొట్టినవాళ్ళ ముందు ఎట్లా నిలబడాలని, వచ్చినదాన్ని రాలేదని నీకు నువ్వే చెప్పుకుంటావు.

ఈ మాట మన పాస్టరు అంబదాస్ అయ్యగారిని అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు, ముందు టీ చల్లారనిచ్చారు. ఒకసారి రోడ్డు ప్రమాదం కేసులో మంచిర్యాల కోర్టుకు సాక్షిగా వెళ్ళారట. ఈ డ్రైవరు ఇకముందు కూడా ఇట్లాగే నడుపుతాడా అని వకీలు అడిగితే, "నేను చూసింది చెప్త సార్, చూడబోయేది నాకెట్ల తెలుస్తది?" అన్నారట. ఆ సంగతి చెప్పి, "మన పిల్ల గూడ అంతే టీచరమ్మా. ఇన్ని రోజులు రాలేదంటే అది సాక్ష్యం. ఇగ జన్మల రాదంటే సాక్ష్యం గాదు, చిలకజోస్యం" అన్నారు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

రేపటికి సాక్ష్యం చెప్పమని దేవుడు ఎవరినీ అడగలేదు లతా. రేపు ఆయన చేతిలో ఉంది. అందులో మన సంతకం అక్కరలేదు. జరిగింది జరిగినట్టు చెప్పడానికి భయం లేకపోవడమే నాకు తెలిసిన విడుదల. ఒక కాడి దించినవాడు, అబద్ధం ఆడైనా సరే నిలబెట్టుకోవాల్సిన ఇంకో కాడిని మెడ మీద పెట్టడు. నువ్వు పెట్టుకున్నావు. దించెయ్.

ఆ అయ్యగారు మోసగాడని నేను రాయను. ఆయన మనసు నాకు తెలియదు. కానీ డాక్టరు చేతిలో దేవుడు లేడని చెప్పే హక్కు ఆయనకు ఎవరిచ్చారో తెలియదు. మాత్ర మింగే ముందు ప్రార్థన చేయడానికి ఏం అడ్డం? గంగుబాయి బీపీ గోళీ చేతిలో పెట్టుకుని, "ప్రభువా, గిది చేదుగున్నది, నువ్వే పని చేయించు" అని ఎంత గట్టిగా అంటుందో నువ్వూ విన్నావు.

మీ తాత బొగ్గుబావిలో పని చేశారు. ఒంటరిగా లోపలికి దిగనిచ్చేవారు కాదు. దిగాక ముందు కర్రతో పైకప్పు తట్టి, చెవి పెట్టి వినాలి. బోలుగా మోగితే పనివాళ్ళను వెనక్కి పిలిచి, కింద దుంగ ఆనించేవారు. అట్లా తట్టినవాణ్ణి నమ్మకం లేనివాడని ఎవరూ అనలేదు. తోటివాళ్ళంటే ప్రేమ ఉన్నవాడన్నారు. నీ చప్పుడు బోలుగా వినబడుతోంది బిడ్డా. దుంగ ఆనించడానికి మేమున్నాం. విశ్వాసం వేదిక మీద ఒక్కరే నిలబడి గెలిచే పందెం అని నేను ఎన్నడూ నేర్చుకోలేదు. ఒకరు అలసినప్పుడు పక్కవాళ్ళు పట్టుకుంటే పెరిగేది అది. నేను కూడా అట్లాగే పెరిగాను. మీ తాత చనిపోయిన ఏడాది నాకు ప్రార్థన నోటికి రానప్పుడు, నా బదులు మన సంఘంవాళ్ళే చేశారు.

రేపు పొద్దున అంబదాస్ అయ్యగారు పని మీద కరీంనగర్ వస్తున్నారు. ఈ ఉత్తరం నీ చేతికి ఇస్తారు. నేనే రావచ్చు. వస్తే నువ్వు హెడ్మాస్టరమ్మ ముందు నిలబడ్డ పిల్లలా, బాగున్నానే అంటావు. ఉత్తరం ముందు అట్లా నిలబడనక్కరలేదు. మెల్లగా చదువు. చదివి, ఉన్నది ఉన్నట్టు నాకు చెప్పు.

ప్రభువు నిన్ను తన రెక్క కింద దాచుగాక అని అడుగుతూ,
నీ బాపమ్మ,
దీనమ్మ.

తా.క. సంతకం పెట్టాక భయం ఇంకా పెరిగింది. నువ్వు చెప్పకపోతే? కాబట్టి దాచను. నీకు మళ్ళీ ఫిట్స్ వచ్చిందని నాకు శనివారమే తెలుసు. నీతో గదిలో ఉండే నాజ్నీన్ ఫోన్ చేసింది. స్నానాల గది గడప దగ్గర పడిపోయావని, నాలుక కొరుక్కున్నావని, తెలివి వచ్చేదాకా నీ తల తన ఒడిలో పెట్టుకుందని చెప్పింది. ఎవరికీ చెప్పనని నువ్వు ఆమెతో ఒట్టు వేయించుకున్నావట. "దాదీ, ఖసం తప్పుతున్న, నన్ను మాఫ్ చేయుండ్రి. అది గట్ల బండి మీద పోతుంటే నాకు అన్నం దిగుతలేదు" అని ఏడ్చింది. ఆదివారం నా చేతులు చప్పట్లకు లేవకపోవడానికి కారణం అదే. పైనంతా తెలియనట్టు రాశాను, నీ నోటితో నువ్వే చెబుతావని. ఇంక ఆగలేను. ఆ పిల్ల చూసింది చెప్పింది. నా దృష్టిలో ఈ నెలలో నేను విన్న సాక్ష్యం అదొక్కటే.

ఇక జరగవలసినవి:

1. ఈ ఉత్తరం అందిన రోజే నాజ్నీన్‌తో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాత్రలు ఎప్పుడు మానేశావో దాచకుండా చెప్పాలి. ఎంత వేసుకోవాలో ఆయన చెప్పాలి. నువ్వూ కాదు, నేనూ కాదు.

2. స్కూటీ తాళం చెవి వెతకవద్దు. నాజ్నీన్ దగ్గర ఉంది. దాచమన్నది నేనే.

3. నాజ్నీన్ మీద కోపం పెట్టుకోవద్దు. ఆ ఒట్టు నుంచి ఆమెను నీ నోటితోనే విడిచిపెట్టు.

4. మీ అవ్వకు నువ్వే చెప్పాలి. నేను చెప్పను.

5. ఆదివారం బస్సులో చెన్నూరు రావాలి, తోడుతో. ఎవరూ సాక్ష్యం అడగరు. పక్కన ఎవరు కూర్చోవాలో, అసలు కూర్చోవాలో వద్దో, ఈసారి నువ్వే చెప్పాలి.

6. వీడియో తీసేయమని ఆ అయ్యగారిని అడగాలి. అడగవలసింది నువ్వే. ఒక్కదానివే వెళ్ళొద్దు, నేను పక్కన నిలబడతాను. నా కాళ్ళు కూడా వణుకుతాయి. వణికితే ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుందాం.