చిటికెన వేలు

పెద్దమందడి,
16 ఫిబ్రవరి 2025, ఆదివారం.

ప్రియమైన తమ్ముడు స్టీఫెన్‌కు, మరదలికి,

మీ అక్క రూతమ్మ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ అమ్మ, నేను, నీ బిడ్డ నవ్య క్షేమం. పుణెలో మీ ఇద్దరి పనీ, ఆరోగ్యమూ బాగున్నాయని తలుస్తాను. ఉత్తరం మొదట్లో క్షేమమని రాయాలి కాబట్టి రాశాను. నా మనసు మాత్రం క్షేమంగా లేదు. వారం రోజులుగా ఒకటే రోతగా ఉంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వేమో స్పీకర్ పెట్టి సిమెంటు బస్తాల పక్కన నిలబడి మాట్లాడతావు, చుట్టూ పదిమంది కూలీలు వింటారు. ఇక్కడ నవ్య నా ఒళ్ళోనే కూర్చుంటుంది. అది వినకూడని మాట ఇది. అందుకే మంగళవారం మీ సైటుకు వస్తున్న యోహాను బావ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. బావ చదువుతాడేమో, చదివితే చదవనీ.

నువ్వు స్టేటస్ పెట్టుకున్నావే ఆ ఫోటో, దాని గురించే. వనపర్తిలో నవ్య చదివే ప్లేస్కూల్ వాళ్ళు పోయిన వారం శనివారం గ్రూపులో పెట్టింది. తెల్ల గౌను, రెండు పిలకలు, చెయ్యెత్తి ఒక వేలు చూపిస్తుంది. నా బిడ్డ వన్ అంటే వేలు చూపిస్తుందని సైటు మీద అందరికీ చూపించావట. పిల్ల కెమెరా వైపు చూడకుండా పక్కకు చూస్తుందేమని కూడా నన్ను అడిగావు. ఆ సంబరంలోనే వచ్చే ఏడు ఎల్‌కేజీకి కూడా అక్కడే వేయమని, నీ బదులు ఫారం మీద నన్ను సంతకం పెట్టమని చెప్పావు. నేను పెట్టను. ఎందుకు పెట్టనో రాస్తున్నాను, కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

జూన్‌లో పిల్లను వేసేటప్పుడు రెండు రోజుల సెలవు మీద వచ్చి నువ్వు చూసిందేమిటి? గోడ మీద ఏనుగు బొమ్మ, ప్లాస్టిక్ గడ్డి, ఏసీ గది, గలగలా ఇంగ్లీషు మాట్లాడే పెద్ద మేడం. పైన పటారం, లోన లొటారం. మూడేళ్ళ పిల్లలకు ఐఐటీ పునాది అని గేటు మీద బోర్డు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వరస. నీ కూతురికి ఇంకా ఏ చెప్పు ఏ కాలిదో తెలియదురా. నేను కుట్టు నేర్చుకోవడానికని రోజూ నవ్యతో పాటు వనపర్తి పోతున్నాను కదా. అందుకని నువ్వు చూడనివి నేను చూశాను.

ఒక గదిలో నలభై మంది పిల్లలు. ఒక టీచరు, ఒక ఆయమ్మ. మరుగుదొడ్డి ఒక్కటే, దానికి తాళం. అవును, తాళమే. పిల్లలు మాటిమాటికీ పోతే నేల తడుస్తుందట, వాసన వస్తుందట. రోజుకు రెండుసార్లు తీస్తారు. మధ్యలో కావాలంటే ఇంగ్లీషులో అడగాలి. ఒంటికొస్తుంది అంటే వినపడనట్టే ఉండాలని, తెలుగులో అడిగితే పలకొద్దని టీచరుకూ ఆయమ్మకూ పెద్ద మేడం హుకుం. మూడేళ్ళ పిల్లకు ఒంటికి ఏ భాషలో వస్తుందో ఆమెకే తెలియాలి.

నవ్య నీళ్ళ సీసా నింపింది నింపినట్టే ఇంటికి వస్తుందని అమ్మ రెండు నెలల నుంచి మొత్తుకుంటూనే ఉంది. పిల్ల నీళ్ళు తాగుతలేదే, ఏందో జర చూడు అని అన్నది. చలికాలం కదా, దూప కాదులే అన్నాను నేను. పిల్ల ఎందుకు తాగడం లేదో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. తాగితే వస్తుంది, వస్తే తాళం. నీ కూతురు ఆ బడిలో నేర్చుకున్న మొదటి లెక్క అదే.

ఇక ఆ శనివారం. కొత్తగా పిల్లలను చేర్పించే తల్లిదండ్రులను పిలిచి బడి చూపించే రోజు. మరుగుదొడ్డిని ఫినాయిలుతో కడిగించి, లోపల ప్లాస్టిక్ పూలకుండీ పెట్టించి తాళం వేయించారు. వచ్చినవాళ్ళు చూసి పోయేదాకా ఒక్క పిల్ల కూడా అందులో కాలు పెట్టకూడదట. ఇది వింటే నీకు నవ్వొస్తుందో ఏడుపొస్తుందో. పిల్లల కోసం కట్టిన దొడ్డి, పిల్లలు తప్ప అందరూ చూడాలి.

తొమ్మిదింటి నుంచి పిల్లలను హాల్లో వరసలో కూర్చోబెట్టారు. పదకొండు దాటాక నవ్య లేచి నిలబడి చెయ్యెత్తింది. ఆ ఫోటో ఇప్పుడు తీసి చూడు. వన్ అని చూపించేవాళ్ళు ఏ వేలెత్తుతారు? చూపుడు వేలు. నీ బిడ్డ ఎత్తింది చిటికెన వేలు. మన సర్కారు బడిలో మనం ఆ వేలెత్తితే సారు పాఠం ఆపకుండానే తల ఊపేవాడు, మనం తుమ్మచెట్ల దిక్కు ఉరికేవాళ్ళం. గుర్తుందా? ఆ వేలు నేను నేర్పిందే. నోరు తెరవలేనప్పుడు వేలెత్తు, ఎవరికైనా అర్థమవుతుందని చెప్పాను.

అందరికీ అర్థమైంది, తమ్ముడా. నాకు రోత అక్కడే. ఆ హాల్లో కూర్చున్న తల్లిదండ్రులందరూ చిన్నప్పుడు ఆ వేలెత్తినవాళ్ళే. పెద్ద మేడానికీ తెలుసు. కానీ ఆమె మైకు పట్టుకొని, వన్, వెరీ గుడ్ నవ్యా అని అరిచింది. అందరూ చప్పట్లు. ఫోటో టక్కున తీశారు. ఆ చప్పట్లు ఆగకముందే గౌను తడిసింది. పిల్లను వెనక వరసకు నెట్టి, తడి మీద చాప పరిపించారు. ఒంటిగంట దాకా ఆ తడి గౌనుతోనే కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

గీత అనే ఆ టీచరు మన ఖిల్లా ఘణపూర్ పిల్లే. తర్వాత నన్ను పక్కకు పిలిచి, నాకు తెల్వక కాదక్కా, మేడం మైకు వట్టినంక నేనేం జేస్త, నా నౌకరి పోతది అని కళ్ళు తుడుచుకుంది. ఆమెను ఏమనను? వచ్చిన పెద్దమనుషులు వ్యాను గురించి అడిగారు, టై రంగు గురించి అడిగారు, దొడ్డికి తాళమెందుకని ఒక్కరూ అడగలేదు. ఛీ, మన బతుకు. అందరికంటే ఎక్కువ రోత మాత్రం ఆ ఆయమ్మను తలుచుకుంటే. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. పిల్ల వేలు చూసింది. నాలుగు అడుగులు వేస్తే తలుపు. గోడకు మేకు కొట్టినట్టు కదలకుండా నిలబడింది. ఆడదై ఉండి.

ఆ రాత్రే నవ్యకు చలిజ్వరం. సోమవారం దవాఖానకు తీసుకుపోతే, ఒంటికి ఆపుకొని ఆపుకొని మంట పట్టిందని డాక్టరమ్మ చెప్పింది. మందులు వాడుతున్నాం, జ్వరం తగ్గింది, భయపడకు. తగ్గనిది ఇంకొకటి ఉంది. మన ఇంట్లో బాత్రూం ముందు కూడా నిలబడిపోయి, నన్ను చూసి, మే ఐ గో ఆంటీ అంటుంది. నేను అత్తమ్మను గదనే బిడ్డా, పో అంటే మళ్ళీ అదే మాట. నేను తల ఊపేదాకా లోపలికి పోదు.

నువ్వు మీ సైటులో పిల్లలున్నవాళ్ళకు కూడా ఈ మాట చెప్పు. పిల్లను ఎక్కడ వేసినా ముందు దొడ్డి చూడమను, ఏనుగు బొమ్మ తర్వాత చూడొచ్చు. వాళ్ళు పిలిచిన రోజు కాకుండా, మామూలు రోజు పదింటికి చెప్పకుండా పొమ్మను. గేటు దగ్గరే ఆపేస్తే అటునుంచి అటే వెనక్కి రమ్మను. ఈరోజు ఏం రాశావని పిల్లను అడగడం కంటే సీసాలో నీళ్ళెన్ని మిగిలాయో చూడటం నయం. ఇంకొకటి, ఆయమ్మ పేరేమిటని పెద్ద మేడాన్ని అడగమను. మీ పిల్ల గుడ్డలు మార్చే మనిషి పేరు కూడా ఆమెకు తెలియకపోతే, మీ పిల్ల ఆమెకు తెలుస్తుందా?

గురువారం నుంచి నవ్యను మన ఊరి అంగన్‌వాడీకి తీసుకుపోతున్నాను. గుడ్డు తినడానికి పోయే బడి అని నువ్వు నవ్వుతావు. నిజమే, గుడ్డు పెడతారు. వానొస్తే ఒక మూల కురుస్తుంది, బొమ్మలు రంగు పోయినవి. కానీ నిన్నగాక మొన్న నవ్య చిటికెన వేలెత్తీ ఎత్తకముందే టీచరు బాలనాగమ్మ వలుస్తున్న గుడ్డు పక్కన పెట్టి, దా బిడ్డా, ఉర్కుదాం అని ఎత్తుకొని పోయింది. ఆ దొడ్డి తలుపుకు గొళ్ళెమే లేదు, ఇక తాళం ఎక్కడిది. నిన్న సీసాలో సగం నీళ్ళే మిగిలాయని అమ్మ సీసా పైకెత్తి నాకు చూపించింది.

ఫారం చించి పొయ్యిలో వేశాను. తిట్టాలంటే తిట్టు. ఆ స్టేటస్ మాత్రం ఈ ఉత్తరం చదవగానే తీసెయ్. మరదలికి నా వందనాలు. యోహాను బావతో సజ్జరొట్టెలు, పల్లీల పొడి పంపుతున్నాను, ఇద్దరూ తినండి.

ఇట్లు,
నిన్ను ఎత్తుకొని పెంచిన అక్క,
రూతమ్మ

తా.క.: ఆయమ్మ పేరు అడగమని రాశాను కదా. ఆమె పేరు రూతమ్మ. కుట్టు నేర్చుకుంటున్నానని చెప్పింది అబద్ధం, తమ్ముడా. అమ్మ సర్కారు బడి వరండాలు ఊడ్చి మనల్ని చదివించింది. ఇక మన ఇంటి ఆడవాళ్ళు ఎవరి బడిలోనూ చీపురు పట్టొద్దని నువ్వు ఒట్టేశావు, అందుకే దాచాను. పిల్ల కొత్తవాళ్ళ మధ్య బెదురుతుందని, దగ్గరే ఉండొచ్చని చేరాను. చుట్టరికం బడిలో చూపించొద్దు, అందరిలాగే ఆంటీ అనాలి అన్నారు. ఆ మాట దానికి నేర్పింది నేనే. ఆ శనివారం తాళంచెవి నా కొంగుకే కట్టి ఉంది. సోమవారం దాన్ని పెద్ద మేడం బల్ల మీద పడేసి వచ్చాను, రెండు రోజులు ఆలస్యంగా. ఫోటోలో పిల్ల పక్కకు ఎవరిని చూస్తుందని అడిగావు. అక్కడ గోడ దగ్గర నేనున్నాను. అందరితో పాటు నేనూ చప్పట్లు కొడుతున్నాను.