ఎల్లమ్మకు మొక్కిన చీర

ఆదివారం రాత్రి, అమీర్‌పేట

మా శ్రావణి షటిల్ ఫైనల్ గెలిచింది! నా బంగారు తల్లి! ఈ జన్మకు ఇంకేం కావాలి? చివరి పాయింటుకు అవతలి పిల్ల కొట్టిన షటిల్ కాక్ గీత బయట పడింది. ఆ పిల్ల ఒప్పుకోక కెమెరాలో చూడమంది. పెద్ద తెర మీద ‘అవుట్’ అని పడగానే కుర్చీ ఎక్కి గంతులేశాను. వస్తూ వస్తూ పంజగుట్టలో జిలేబీలు కొని గల్లీ అంతా పంచాను. రేపు బల్కంపేట ఎల్లమ్మకు మొక్కిన చీర పెడుతున్నాం, రమ్మని అందరికీ చెప్పాను.

అన్నం తింటూ బిడ్డ మెల్లగా అంది, “పడే ముందు కాక్ నా బ్యాట్‌కు జర తాకింది నాయినా. ఆ పాయింట్ ఆమెదే.”

“మిషనే అవుట్ అన్నది గదనే!”

“మిషన్ గీతనే చూస్తది. బ్యాట్‌కు తాకిందా అని చూడదు.”

“గప్పుడే ఎందుకు చెప్పలే?”

“చెప్దామనే అంపైర్ దిక్కు తిరిగిన. నువ్వు కుర్చీ మీద ఎగురుతున్నవ్.”

రేపు గుడికి రానంది.

మొక్కు ఎగ్గొడితే అమ్మవారు ఊరుకోదు. తీరిస్తే ఏ గెలుపుకని చీర పెట్టను? నిజం చెబుదామంటే బిడ్డ పతకం... అయినా ఈ పాడు సంతోషం గుండెలోంచి పోవడం లేదు. ఆ ఆట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది, ఏం చేయను?