పాదుకో గింజ

ఏవండీ,

మీరు పోయాక ఇదే మొదటి మాఘం. నిన్న బీరపాదులు పెట్టాం. వారం వారం మన తోట కూరలు తీసుకునే తాడేపల్లిగూడెం కుటుంబాలు ఎప్పటిలాగే సాయానికి వచ్చాయి. వాళ్ళలో టీచరుగారి మీద నాకు అనుమానం వచ్చింది. పాదుకి మూడు గింజలిస్తే రెండే పెట్టి, ఒకటి కొంగున ముడేసుకుంటోంది. పొద్దుటినుంచీ కనిపెట్టి చూసి, చివరికి అడిగేశాను.

"మొలవని పాదుల్లో మళ్ళీ పెట్టడానికి మీవారు ఏటా ఇలాగే దాయించేవారండీ. మీకు చెప్పొద్దనేవారు," అంది.

ఆవిడకి చెప్పి నాకెందుకు దాచారని ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. నా చేత్తో పెడితే ఒక్క పాదూ మొలవకుండా పోదని అందరికీ చెప్పుకుని మురిసిపోయింది మీరే కదా.

నిజం చెప్పండి. నేను పెట్టినవాటిలో మొలిచినవెన్ని?