ఐదింటికి వచ్చేది

సెప్టెంబర్ 14

వచ్చింది.

ఈ ఏడు ఇంకా రాలేదే అని నిన్ననే అనుకున్నాను, పైకి అనకుండా. సాయంత్రం ఐదింటికి ఇథెల్ గొర్రెలకు మందు కలుపుతున్నవాడు బకెట్ కింద పెట్టి, కుడి కన్ను మీద అరచెయ్యి అదిమి పట్టుకున్నాడు. అంతే. నేను ఆరేసిన బట్టలు తీయడం ఆపేశాను.

సెప్టెంబర్ 15

తలనొప్పి అంటే అందరికీ తమ తలనొప్పే గుర్తొస్తుంది. స్కూలు వంటగదిలో నాతో పనిచేసేవాళ్ళు, మీ ఆయన్ని చీకటి గదిలో పడుకోబెట్టు నెస్ట్, తగ్గిపోతుంది అన్నారు. ఇథెల్ పడుకోలేడు. కూర్చోలేడు. గొర్రెల పాక చుట్టూ తిరుగుతాడు. కుడి కన్ను ఎర్రబడి రెప్ప వాలిపోతుంది. ఆ వైపు ముక్కే కారుతుంది. కన్ను వెనక కాల్చిన చువ్వ పెట్టి ఎవరో తిప్పుతున్నట్టు ఉంటుందట. గంటన్నరకి స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంది. లోపలికొచ్చి టీ అడుగుతాడు. మర్నాడు ఐదింటికి మళ్ళీ. ఇలా క్రిస్మస్ దాకా. ఏటా ఇంతే.

క్లస్టర్ తలనొప్పి అని దీని పేరు. గుత్తి అని అర్థం. ద్రాక్షపళ్ళకు పెట్టాల్సిన పేరు.

సెప్టెంబర్ 19

ఆక్సిజన్ సిలిండర్ వచ్చింది, నొప్పి మొదలవగానే పీల్చడానికి. ముందుగదిలో పియానో పక్కన నిలబెట్టాం. తెచ్చినతను, ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా ఊపిరితిత్తుల జబ్బా అని అడిగాడు. ఇథెల్ ఎండుగడ్డి మోపు భుజాన వేసుకుని అతని ముందునుంచే వెళ్ళాడు. నాకే అన్నాడు.

సెప్టెంబర్ 22, ఆదివారం

మా తుపాకీ గ్విలిమ్ ఇంటికి వెళ్ళింది. ఇథెలే తీసుకెళ్ళి ఇచ్చాడు. నక్కలు ఎక్కువయ్యాయట, గ్విలిమ్ అడిగాడట.

చాపెల్‌లో ప్రార్థన అయ్యాక బయట గ్విలిమ్ ఎదురుపడ్డాడు. మాది పక్కపక్క పొలాలు, ముప్పై ఏళ్ళుగా ఒకరి గొర్రెలు ఒకరం వెనక్కి తోలుకుంటున్నాం. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు నా దగ్గరే ఉంచుతాలే నెస్ట్ అన్నాడు, తన బూట్లు చూసుకుంటూ. నక్కల మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చి బంగాళాదుంపలు ఒలిచాను. అవసరమైనదానికంటే చాలా ఎక్కువ ఒలిచాను.

సెప్టెంబర్ 25

ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నది, మా పెద్దమ్మాయి వయసు. పాత మందు కాళ్ళు వాచేలా చేసింది, దాని ముందుది మనిషిని మొద్దు చేసింది. ఇంజెక్షన్ ఒక్కటే పనిచేస్తుంది గానీ రోజూ పొడుచుకునేది కాదు, పొడుచుకున్నప్పుడల్లా ఛాతీ పట్టేస్తోంది. ఇంకేం మిగల్లేదా అని ఇథెల్ అడిగాడు. ఆమె ఫైలు మళ్ళీ మొదటి నుంచి తిప్పింది. అప్పుడు నేనడిగాను, మత్తెక్కించే పుట్టగొడుగుల గురించి. ఈ జబ్బున్నవాళ్ళు ఇంటర్నెట్‌లో రాసుకునేవి నేను చదువుతూ ఉంటాను.

పెన్ను కింద పెట్టింది. బయటి దేశాల్లో పరీక్షలు జరుగుతున్నాయి, చిన్నవి, కొందరికి ఆగింది, కొందరికి ఏమీ కాలేదు, ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు అంది. ఇక్కడ అది నేరమండీ, తీసుకోమని నా నోటితో నేను చెప్పలేను అంది. తలుపు దాకా వచ్చి మళ్ళీ ఆగింది. ఎవరైనా, మీరని కాదు, ఎవరైనా తీసుకుంటే, ఈ ఇంజెక్షన్ ముందు కొన్నాళ్ళు మానెయ్యాలి, రెండూ కలవకూడదు, ఒంటరిగా అసలు ఉండకూడదు అంది. ఎలాగూ వచ్చారు కదా, గుండెకి ఒక ఇసిజి తీద్దాం, ఊరికే, అంది.

గుండె బాగానే ఉంది.

సెప్టెంబర్ 26

ఇథెల్ ఒప్పుకోడు. నేను చాపెల్ పెద్దని అన్నాడు. అవి హిప్పీల తిండి అన్నాడు. తన చిన్నప్పుడు ఏటా వానలకి పెయింటింగులు వేసిన వ్యాన్లలో వచ్చి, మా పై బీడులో తడి గడ్డి మీద మోకాళ్ళతో పాకేవారట జుట్టుగాళ్ళు. మా మామగారు కుక్కని వదిలేవారు. ఇప్పుడు నన్ను పాకమంటావా అన్నాడు.

సెప్టెంబర్ 29

ఈరోజు రెండుసార్లు. రెండోసారి పాక రాతిగోడకి తల కొట్టుకున్నాడు. పట్టుకోబోతే ముట్టుకోకు అన్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అంతకంటే ఏం చేయాలో తెలియలేదు.

అయిపోయాక నుదుటి మీద నెత్తురు తుడుస్తుంటే, ఇమోజెన్‌ని అడుగు అన్నాడు.

అక్టోబర్ 1

ఇమోజెన్ ఆ వ్యాన్లలో వచ్చినదే. అందరూ వెళ్ళిపోయారు, తను ఉండిపోయింది. డెబ్బై దాటింది, లోయ చివర మేకలతో ఉంటుంది. మా భాష నేర్చుకుంది గానీ ఇప్పటికీ మాటల్లో ఆడా మగా కలిపేస్తుంది.

విషయం చెప్పగానే చాలాసేపు నవ్వింది. మీ మామగారి కుక్క నా ప్యాంటు చింపిందమ్మా, బంగారం లాంటి ప్యాంటు, అంది. తర్వాత నవ్వు ఆపి, ఇథెల్ చాలా బాధపడుతోందా అని అడిగింది.

అవును, చాలా బాధపడుతోంది అన్నాను నేనూ.

అక్టోబర్ 3, తెల్లవారుజామున

ముగ్గురం పై బీడుకి వెళ్ళాం. కింద లోయ లేదు. మంచు దాన్ని మింగేసింది. మేమూ, కొంత గడ్డీ, అంతే ప్రపంచం. గొర్రెలు మంచులోంచి ముందు ముఖాలతో వచ్చాయి, తర్వాత ఒళ్ళు వచ్చింది.

ముందు ఒక్కటీ కనపడలేదు. ఇమోజెన్, వెతక్కండి, ఊరికే చూడండి అంది. కాసేపటికి ఒకటి కనపడింది, వేలి గోరంత టోపీ, మొన తేలి, తడిగా. ఆ తర్వాత బీడంతా అవే. ఎప్పట్నుంచో మా కాళ్ళ కిందే ఉన్నాయి. ఇథెల్ మోకాళ్ళ మీదికి దిగాడు. నాన్న చూస్తే కుక్కని వదులుతాడు అన్నాడు. ఇమోజెన్ ప్రతి ఒక్కటీ తన అరచేతిలో తిప్పి చూసింది. చాలావాటిని పారేసింది.

అక్టోబర్ 4

ఇంజెక్షన్ల డబ్బా ఇథెల్ నా చేతికిచ్చాడు. నేనడిగినా ఇవ్వకు అన్నాడు.

అక్టోబర్ 5

అడిగాడు. ఇవ్వలేదు.

అక్టోబర్ 6, ఆదివారం

చాపెల్‌కి వెళ్ళలేదు. ఆక్సిజన్ మాస్కు పట్టుకుని ముందుగదిలో అటూ ఇటూ నడిచాడు, ట్యూబు వెనకాలే ఈడుస్తూ. నీకు నేనంటే జాలి లేదా అన్నాడు. నేను పియానో మూత మీద వేళ్ళు పెట్టి కూర్చున్నాను.

అక్టోబర్ 8, మధ్యాహ్నం

పుట్టగొడుగుల కషాయం ముందు నేను తాగుతానన్నాను. ఇమోజెన్ పొరబడి ఉంటే? ఒక్క తప్పు పుట్టగొడుగు చాలు. నీకేమైనా అయితే నాకు టీ ఎవరు పెడతారు అన్నాడు ఇథెల్. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండు కళ్ళలోనూ. ఇమోజెన్ పక్కనే కూర్చుంది, అల్లిక తెచ్చుకుంది. ఎంత తాగానో రాయను. తడి మట్టి రుచి.

అక్టోబర్ 8, అదే రోజు, దీపాలు పెట్టాక

రాయగలుగుతున్నాను. చెయ్యి కొంచెం దూరంగా ఉన్నట్టుంది, అంతే.

మొదట గోడ కాగితం. దాని మీది ఫెర్న్ ఆకులు నేను అతికించినవే. అవి నిద్రలో ఉన్నవాళ్ళలా ఊపిరి తీస్తున్నాయి, మెల్లగా, తొందర లేకుండా. వాన పడుతోంది. వాన అంటే ఒకటే చప్పుడనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, ప్రతి చినుకూ విడిగా వస్తోంది, రేకు మీద ఒకలా, ఆకు మీద ఒకలా, బకెట్‌లో ఒకలా, ఎవరి పేరు వాళ్ళు చెప్పుకుంటున్నట్టు.

బల్ల మీద వెన్న ఉంది. దాని మీద వెలుతురు పడింది. ఏడ్చాను. ఎందుకమ్మా అంది ఇమోజెన్. వెన్న అన్నాను. అవునవును, వెన్నే అంది, అల్లుతూనే.

ఇథెల్ చెయ్యి నా చేతిలో ఉంది. అది మా పొలమంతా. గీతలు కంచెలు, నరాలు వాగులు, బొటనవేలి కింద బీడు. చాలాసేపు అందులో నడిచాను. అతని కణత దగ్గరికి వెళ్ళాలంటే భయమేసింది. అయినా వెళ్ళి అక్కడ చెయ్యి పెట్టాను. లోపల నొప్పి ఉంది, ఐదింటికోసం కాచుకుని. దాని మీద నాకు కోపం రాలేదు. అది కూడా ఎక్కడికి వెళ్ళాలో తెలియక మా ఇంట్లో చిక్కుకుపోయినట్టుంది. వెళ్ళిపో తల్లీ అన్నాను. పైకే అన్నానట. ఇథెల్ చెప్పాడు.

ఐదింటికి అతనికి వచ్చింది. ఇమోజెన్ నన్ను పై గదిలో పడుకోబెట్టింది, నాకు వినపడకుండా. వినపడింది.

అక్టోబర్ 10

ఇథెల్ పొద్దున్నే తాగాడు. ప్రార్థన చేసి మరీ తాగాడు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. నేను ఒక పక్క, ఇమోజెన్ ఒక పక్క.

ముందు భయపడ్డాడు. నెస్ట్, నేల మెత్తగా అయిపోతోంది, కాళ్ళు పైకి పెట్టుకో అన్నాడు. పెట్టుకున్నాను. తర్వాత నెమ్మదించాడు. కొండ పడుకున్న గొర్రెలా ఉంది, నెమరేస్తోంది చూడు అన్నాడు. చూశాను. నాకు మామూలు కొండే. అవును, నెమరేస్తోంది అన్నాను.

చాలాసేపటికి, కన్ను వెనక ఒక గది ఉంది, దాని తలుపు తీశారు, అన్నాడు. ఎవరు తీశారని అడిగితే, తెలీదు, గాలి వస్తోంది అన్నాడు. అలాగే నిద్రపోయాడు. పగటిపూట కూర్చుని నిద్రపోవడం ఈ నెలలో ఇదే మొదలు.

ఐదింటికి నేను పాకలో నిలబడ్డాను, అతనితో పాటు. రెప్ప కొంచెం వాలింది. ఒక నీటి చుక్క. నీడలాంటిది వచ్చి పోయింది అన్నాడు. అంతేనా అన్నాను. అంతే.

అక్టోబర్ 12

మళ్ళీ వచ్చింది. సగం. నేను ఓడిపోయినట్టు కూర్చుంటే, సగమేనే నెస్ట్ అన్నాడు. నన్ను ఓదార్చడానికి.

అక్టోబర్ 16

రెండోసారి తాగాడు. ఈసారి ఏమీ చూడలేదన్నాడు, వాళ్ళమ్మ పాత ఏప్రన్ తప్ప. ఆమె అందులో లేదట. ఏప్రన్ ఒక్కటే కొక్కేనికి వేలాడుతోందట, వెచ్చగా.

అక్టోబర్ 20

రాలేదు.

అక్టోబర్ 27, ఆదివారం

చలికాలం వచ్చింది కదా, ఏటా లాగే దేశమంతటితో పాటు గడియారాలు గంట వెనక్కి తిప్పాం. అది ఎండని బట్టి వస్తుందా గడియారాన్ని బట్టి వస్తుందా అని ఇద్దరికీ అనుమానం. నాలుగింటికి ఒకసారి ఎదురుచూశాం, ఐదింటికి ఒకసారి. రెండుసార్లూ కేక్ తిన్నాం.

నవంబర్ 8

ఎవరికో తగ్గిందని డాక్టరమ్మతో ఫోన్‌లో చెప్పాను. సంతోషమండీ అంది. అయితే వచ్చే ఏడు తిరిగి రావచ్చని ఆ ఎవరికో చెప్పండి, సిలిండర్ ఇంట్లోనే ఉంచుకోమనండి అంది. మందు వల్ల తగ్గిందో, దానంతటదే వెళ్ళిందో కూడా తెలియదంది. నాకూ తెలియదు.

తుపాకీ తేనా అని గ్విలిమ్ అడిగాడు. ఇథెల్ నాకేసి చూశాడు. నీ దగ్గరే ఉండనీ, నీకు నక్కలున్నాయిగా అన్నాడు.

నవంబర్ 17, ఆదివారం

ఇమోజెన్‌ని భోజనానికి పిలిచాం. ఆమె మాంసం తినదు, మా ఇంట్లో మాంసం లేని ఆదివారం ఇదే మొదటిది. లీక్ ఉల్లికాడల పులుసు, చీజ్ తనే తెచ్చింది. ఇథెల్ ఆమెకి కుర్చీ జరిపి, ఆ ప్యాంటు రంగేమిటి అని అడిగాడు. ఊదా అంది. చాలా పాత సంగతి అన్నాడు. అయినా క్షమించు అన్నాడు. నువ్వు మంచి ఆడదానివి ఇథెల్ అంది.

డిసెంబర్ 5

ఇథెల్‌కి జలుబు చేసింది. పొద్దున వంటింట్లోకి వచ్చి, తల నొప్పిగా ఉంది అన్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

కాదే, మామూలుది, అన్నాడు. నుదురంతా, రెండు వైపులా. మాత్ర తీసి ఇవ్వబోయాను. వద్దు, కాసేపు ఉండనీ అన్నాడు. పొయ్యి పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాడు, ఎవరో దూరం నుంచి వచ్చిన చుట్టం మాటలు వింటున్నట్టు.

నేనూ పక్కన కూర్చున్నాను. గంజి అడుగంటింది.