పాలు తాగిన తమ్ముడు

అమ్మడూ,

నువ్వు పుట్టిన వారానికే పోయావు. పాలు ఇంకకముందే నేను బహ్రెయిన్‌లో ఇంటిపనికి వచ్చాను. ఇక్కడ మేడంకి పాలు పడలేదు. పసివాడు ఏడ్చినప్పుడల్లా నా రవిక తడిసేది. ఎవరి బిడ్డో ఒంటికి తెలియదు. వాళ్లు అడిగితే వాడికి పాలిచ్చాను.

ఒకే తల్లి పాలు తాగినవాళ్లు వీళ్ల లెక్కలో తోబుట్టువులే, వాళ్ల మధ్య పెళ్లి కూడా కుదరదు. మన ఊళ్లో మాత్రం నీ ఊసెత్తితే ఊరుకోమంటారు.

ఇవాళ వాడు మొదటిసారి బడికి వెళ్లొచ్చాడు.

"ఆయా, నాకో అక్క ఉందని టీచరుకి చెప్పాను. అక్క పేరేంటి?"

నేను వాడి సంచీ అందుకుని పక్కన పెట్టాను.

"యల్లా, ఊఁ కానీ, చెప్పవే. పోయినా వాడికి అక్కే కదా!" అంది వాళ్ల నానమ్మ.

నీకు బారసాల జరగలేదు. నీ చెవిలో చెప్పాల్సిన పేరు, సత్యవతి అని, వంగి వాడి చెవిలో చెప్పాను.