నాలుగో విస్తరి, పదో స్థానం

పెరంబూరు,
22 జూలై 2024, సోమవారం.

ప్రియమైన త్యాగరాజుకు,

రంగనాథం నమస్కారాలు. ఇక్కడ నా మోకాళ్లు తప్ప ఇంటిల్లిపాదీ బాగున్నాం. అక్కడ నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ బాగుండాలని కోరుకుంటున్నాను. ఫోను చేస్తే ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే నీలం గీతలు పడతాయే గానీ జవాబు రాదు. అందుకే ఉత్తరం. కాగితం జార్జి టౌన్‌లో నీ కొట్టులో కొన్నదే. కాగితాల వ్యాపారివి, చదవకుండా చింపడానికి నీకు చేతులు రావని నా ధైర్యం.

మన ఆదివారం సినిమా సంఘానికి పాతికేళ్లు నిండాయి. సంచిక వేస్తున్నాం. అందులో ఎప్పటికీ నిలిచే పది తెలుగు సినిమాల జాబితా ఉండాలని తీర్మానం. ఒక్కరు కాదన్నా ఆ సినిమా జాబితాలోకి రాకూడదన్న మన పాత నియమం అలాగే ఉంది కాబట్టి, తొమ్మిది తేలేసరికి నాలుగు నెలలు పట్టింది. గురుప్రసాద్‌కు పౌరాణికం కానిదేదీ సినిమా కాదు. అలివేలు టీచరమ్మ లెక్క వేరు. హాల్లోంచి బయటికొచ్చాక ఎక్కాల్సిన బస్సు నంబరు మరిచిపోతేనే అది గొప్ప సినిమా అంటుంది. ఆ లెక్కన నేను ఈ మధ్య చూసిన ప్రతిదీ గొప్పదే.

పదో స్థానం ఖాళీగా ఉంది. అందులో 'నాలుగో విస్తరి' పెట్టాలని నిన్న నేను పట్టుబట్టాను.

నువ్వు నవ్వుతావో, ఉత్తరం పక్కన పడేస్తావో తెలియదు. రెండేళ్ల కిందట ఇదే సినిమా దగ్గర నువ్వు లేచి వెళ్లిపోతే, పక్క కుర్చీలో ఉండి కూడా నోరెత్తనివాణ్ణి నేనే కదా. ఆ రోజు నువ్వు కథ చెప్పిన తీరు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఇల్లు విడిచిపోయిన కొడుకు కోసం తల్లి రోజూ ఇంట్లో ఉన్న ముగ్గురికీ మూడు విస్తళ్లు వేసి, నాలుగోది కూడా వేస్తుంది. చివరికి ఒక రోజు వాడు గుమ్మంలో నిలబడతాడు. ఎందుకు పోయావని ఆమె అడగదు, వాడూ చెప్పడు. కూచోమని అన్నం వడ్డిస్తుంది. ఆ కారణం చెప్పకపోవడమే ఆ సినిమా గొప్పతనమని నువ్వు వాదించావు. టీచరమ్మ ఒప్పుకోలేదు. వాడు గుళ్లో పూజారి ముందు పది నిమిషాలు ఏడ్చి కారణమంతా చెప్పే సీను ఉందనీ, తను కళ్లారా చూశాననీ అంది. ఆడ ఆ సీనే లేదమ్మా, తిరువొత్తియూరులో నేనూ రెండు కళ్లతోనే చూసినా అని నువ్వన్నావు. అప్పుడు ఆమె మనవరాలు ప్రణవి ఫోన్లో ఆ సినిమా తీసి, ఆ సీను నీ ముందు పెట్టింది. గురుప్రసాద్ నవ్వుతూ, వయసైపోతాంది సామీ, ఒకసారి డాక్టరుకు చూపించుకో అన్నాడు. వాడికి అది హాస్యం.

పోయిన వారం చెల్లెమ్మ ఫోను చేసింది. నువ్వు నిజంగానే డాక్టరు దగ్గరికి వెళ్లావట. స్కానింగులో ఏ లోపమూ లేదని చెప్పినా నమ్మలేదట. నలభై మంది ప్రింటర్లకు ఏ సైజు కాగితం ఎంత కావాలో నోటితోనే గుర్తుపెట్టుకునే మనిషివి, ఇప్పుడు ప్రతిదీ చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటున్నావట. కొట్టు మీ అబ్బాయి శివరామ్‌కు అప్పగించి ఇంట్లోనే ఉంటానంటున్నావట. అన్నా, ఆ మనిషి తన మీద తనే నమ్మకం పోగొట్టుకున్నాడు అని చెల్లెమ్మ ఏడ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అందుకే నిన్న గట్టిగా నిలబడ్డాను. సినిమాను నువ్వు చూసినట్టే, ఆ పూజారి సీను లేకుండానే జాబితాలో వెయ్యాలన్నాను. లేని సినిమాకు స్థానం ఎట్లా ఇస్తారని టీచరమ్మ అడిగింది. ఉంది, త్యాగరాజు చూశాడు, నాకు ఆ మాట చాలు అన్నాను. గురుప్రసాద్ మళ్లీ నవ్వబోయాడు. ఇంకోసారి నవ్వితే నా కార్యదర్శి పదవితో పాటు సంఘం బీరువా తాళం కూడా వాడి మెడలోనే వేస్తానన్నాను. చివరికి టీచరమ్మ ఒక మెట్టు దిగింది. ఆ సీను లేకుండా చూసినవాళ్లు ఇంకొక్కరైనా ఉంటే తనకు అభ్యంతరం లేదంది. ఉన్నారు, గురువారం తీసుకొస్తాను అన్నాను.

సంచిక శుక్రవారం ప్రెస్సుకు వెళ్తుంది. గురువారం సాయంత్రం ఆరింటికి టీచరమ్మ మేడ మీదికి నువ్వు రావాలి. నువ్వు రాకపోతే పదో స్థానం ఖాళీగానే అచ్చవుతుంది. బతిమాలడం లేదు, నిర్ణయం చెబుతున్నాను.

చెల్లెమ్మకు నా నమస్కారం చెప్పు.

నీ
రంగనాథం

తా.క. కవరు అంటించి, మళ్లీ విప్పాను. సాక్షి ఎవరో చెప్పకుండా నిన్ను పిలవడం న్యాయం కాదు.

రైలు కోచ్ ఫ్యాక్టరీలో చేరకముందు, 1974లో, ఎనిమిది నెలలు నేను రీళ్లు మోశాను. నీకెప్పుడూ చెప్పలేదు. రెండు థియేటర్లకు కలిపి ఒకటే ప్రింటు. వాషర్‌మన్‌పేటలో ఆడిన రీళ్లను పెట్టెలో పెట్టుకుని రైల్లో తిరువొత్తియూరుకు చేర్చాలి. ఆటలు గంట తేడాతో మొదలయ్యేవి. ఒక బుధవారం మ్యాట్నీకి, ఎన్నడూ లేనిది, ఆపరేటర్ గదిలో నిలబడి క్లైమాక్సు చూశాను. ఆ ధ్యాసలో పదహారూ పదిహేడూ పెట్టెలో పెట్టి, పదిహేనో రీలును బల్ల మీదే వదిలేశాను. రైలు కొరుక్కుపేట దాటాక గానీ చూసుకోలేదు. వెనక్కి పోయి తెచ్చే వ్యవధి లేదు. తిరువొత్తియూరు ఆపరేటర్ ఆంటో, జనం సీట్లు చింపితే అప్పుడు చూద్దాంలే అని పదహారో రీలు ఎక్కించేశాడు. హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ అరవలేదు, ఈల కూడా వెయ్యలేదు. తల్లి అన్నం వడ్డిస్తుంటే హాలంతా కళ్లు తుడుచుకుంది. ఆ ఒక్క ఆటే అలా నడిచింది. మరుసటి ఆటకు రీలు వచ్చేసింది, ఆ పూజారి సీనూ వచ్చేసింది.

సంఘం పెట్టిన ఏడాది నువ్వు ఆ బుధవారం మ్యాట్నీ గురించి చెప్పావు. అంత గొప్ప సినిమా మళ్లీ చూడలేదన్నావు. అది డైరెక్టరు ధైర్యం కాదు, నా పరధ్యానం అని చెప్పి నీ సంతోషం చెడగొట్టలేకపోయాను. అప్పుడు అది స్నేహమే. రెండేళ్ల కిందట నోరు మూసుకున్నది మాత్రం పిరికితనం. నన్ను క్షమించు.

ఆ రీలును మరిచిపోయింది నేను. నువ్వు ఏదీ మరిచిపోలేదు. గురువారం జేబులో చీటీ లేకుండా రా.