కాపీ తీయని డిస్కు

అమ్మలూ,

ఫోన్లో చెప్పలేక, ఇది రాసి మీ మామయ్య చేతికిచ్చి పంపుతున్నాను.

మీ అమ్మ పాత కంప్యూటర్లో డిస్కును పరీక్షించే ప్రోగ్రాం కొత్తది వచ్చిందంటే నిన్న పొద్దున ఎక్కించాను. అది తనంతట తానే డిస్కంతా వెతికి, చాలాచోట్ల దెబ్బతిందని చెప్పి, "రిపేరు చేయనా?" అన్న ప్రశ్న దగ్గర ఆగింది.

కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేసి అడిగాను.

"ముందు కాపీ తీసుకున్నారా సార్?"

లేదన్నాను.

"ఇంత చదువుకుని ఇదేం పని సార్. అవునంటే బాగుపడొచ్చు, ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోనూవచ్చు. దేన్నీ ముట్టుకోకండి."

చూపులేని పిల్లల కోసం అమ్మ చదివి రికార్డు చేసిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆమె గొంతు మనకు ఇంకెక్కడా లేదు. ఆమె పోయాక నేను ఒక్కటీ వినలేదు. ఎప్పటికైనా వినగలనేమోనని దాన్ని బాగుచేయబోయాను.

నిన్నటి నుంచి కంప్యూటర్ ఆపలేదు. ఫ్యూజు పోతుందేమోనని ఫ్యాను కూడా వేయకుండా దాని ముందే కూర్చున్నాను.

ఆసుపత్రిలో అమ్మ ఆపరేషన్ కాగితం మీద సంతకం నేనే పెట్టాను. ఈసారి నా వల్ల కాదు. ఈ పని తెలిసినదానివి, అవునో కాదో నువ్వొచ్చి నొక్కు.

నాన్న